కడ్డీ ఆగిన చోటు

ఆషాఢమాసం చివరి ఆదివారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు నరసరావుపేట ఆసుపత్రిలో నా కొడుకు పోయాడు. గోడ మీద గడియారం నేనే చూశాను. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. అక్షరాలే యాభై ఆరో ఏట వచ్చాయి.

వాడికి నలభై ఎనిమిదేళ్లు. జబ్బు ఊపిరితిత్తులది. ఇరవై ఏళ్లు కంప్రెషర్ ట్రాక్టరు వెనక నిలబడి బావుల్లోనూ, నాపరాయి క్వారీల్లోనూ రాతికి బెజ్జాలు వేశాడు. ఆ దుమ్మంతా లోపలికి పోయి గట్టిపడిందని డాక్టరు చెప్పాడు. ఊపిరి కంటే ముందు ఆ బండి మోత వాడి చెవులు తినేసింది. ముప్పై నాలుగేళ్లు వచ్చేసరికి పక్కన టపాకాయ పేలినా వాడికి తెలిసేది కాదు. వాడితో మాట్లాడాలంటే రాసి చూపించాలి. ఏడో తరగతి దాకా చదివాడు కాబట్టి చదువుకునేవాడు. కోడలికి రాయడం వచ్చు. రానిది నాకొక్కదానికే.

అందుకని మూడో తరగతి చదువుతున్న నా మనవరాలి ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. తప్పు రాస్తే స్కేలు పెట్టి వేళ్ల మీద కొట్టేది.

"తలకట్టు ఏది నాయనమ్మా? తల లేకుండా తిరుగుద్దా ఏంది అది?"

"ఒసే, నీ నాన్నని కన్నదాన్నే నేను. మెల్లిగా కొట్టు."

"కన్నావు సరే, రాయి."

ఆర్నెల్లకు నేను వాడికి మొదటి మాట రాశాను. 'అన్నం తిన్నావా' అని. వాడు పలక తీసుకుని చానాసేపు చూసి, కింద రాశాడు: 'తిన్నా. కూర బాలేదు.' నలభై బావుల్లో దిగి తట్టలతో మట్టి మోసిన దాన్ని, ఎన్నడూ ఎవరి ముందూ ఏడవని దాన్ని, ఆ రోజు ఏడ్చాను.

ఆ పిల్లే పెద్దదై పర్యావరణం చదువు చదివింది. ఇరవై రెండేళ్లకు, భూమికి నడినెత్తిన ఉండే మంచుదీవులకు కొలతల పని మీద వెళ్లింది. వాళ్ల మాష్టారు ఒక బృందాన్ని తీసుకుపోతుంటే చదువుకునే పిల్లల్లో దీన్ని ఒక్కదాన్నే ఎంచుకున్నారు. వెళ్లే ముందు వాళ్ల నాన్నకు కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. అక్కడ నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. ఎండాకాలం పైన మూడు జానల మట్టి మాత్రం కరుగుతుంది. ఇనుప కడ్డీని గుచ్చుకుంటూ పోతే కింద గడ్డకట్టిన చోట ఆగిపోతుంది. ఎంత లోతున ఆగిందో రాసుకోవాలి. ఏటికేడూ ఆ లోతు పెరుగుతోందట. పెరిగితే నేల కుంగుతుంది, ఇళ్లు ఒరుగుతాయి, వేల ఏళ్ల నుంచి లోపల పడి ఉన్న కుళ్లు గాలిలోకి వస్తుంది. వాడు అంతా చదివి రాశాడు: 'పలుగుతో చేసే పనేగా. ఇది మన ఇంటి పని.' దానికి అప్పుడెంత పొంగిపోయిందో మొహం.

అప్పటికే వాడికి దగ్గు ఉంది. మామూలు దుమ్ముదగ్గని రాసి పంపించాడు. అది వెళ్లిన పన్నెండో రోజున ఆసుపత్రిలో చేర్చాం. చేరిన సంగతి పిల్లకు చెప్పొద్దని వాడే రాశాడు. ఆ కాగితం నా దగ్గరుంది. కానీ పోయాక కూడా చెప్పొద్దని వాడు రాయలేదు. అది నేను చేసిన పని.

పోయిన పావుగంటకు వార్డు బయట వరండాలో కోడలు ఫోను తీసింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరికే?"

"పిల్లకి అత్తా. ఇంకెవరికి?"

"చెప్పమాక. చెబితే అక్కడేం చేసుద్ది? రెక్కలు కట్టుకుని వచ్చుద్దా?"

"రాకపోతే పోనీ. తెలియాలిగా. దాని నాన్న."

"నాకు కొడుకు కాదా? నేను చెప్పొద్దంటున్నా."

కంప్రెషర్ ట్రాక్టరు ఆయన అక్కడే ఉన్నాడు. సాయిబుల ఇంటి మనిషి. నా కొడుకు ఆయన బండి మీదే ఇరవై ఏళ్లు పని చేశాడు. ఆయనకూ ఒక చెవి సగమే వినపడుతుంది. "దాచమాకమ్మా," అన్నాడు. "ఆ పిల్ల నన్ను బాబాయ్ అని పిలుచుద్ది. రేపొద్దున దాని మొహం నేనెట్టా చూసేది?"

"నువ్వు చూడకపోతే దాని పని ఆగిపోద్దా? ఊరుకో."

మా మరిది సత్తెనపల్లి నుంచి వచ్చి ఉన్నాడు. ఆయన నా వైపు మాట్లాడాడు. "వదిన చెప్పిందే రైటు. మావాడి ఇంటర్ పరీక్షలప్పుడు వాళ్ల తాత పోతే చెప్పామా? వాడికి ఫస్టుక్లాసు వచ్చింది."

"ఇదేమన్నా ఇంటర్ పరీక్షా చినమావయ్యా?" అంది కోడలు.

"పరీక్షే గదా మరి."

అప్పుడు పక్కమంచం ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. "అమ్మా, తర్వాత కొట్టుకోండి. లోపల సంతకం అడుగుతున్నారు," అంది. ఆ సంతకం నేనే పెట్టాను. తిరిగొచ్చేసరికి కోడలు ఫోను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. నా మాట నిలిచింది.

ఎందుకు చెప్పొద్దన్నానో దాచకుండా రాస్తాను. పిల్ల తట్టుకోలేదని కాదు. అది మధ్యలో వచ్చేస్తే ఆ ఏటి కొలతలు పోతాయి. వచ్చే నెలాఖరుకు నేల మళ్లీ గడ్డకడుతుందని, ఇప్పుడు వదిలితే మళ్లీ దొరకవని అది చెప్పి వెళ్లింది. వచ్చే ఏడు దాని చోట ఇంకొకరు పోతారు. మా ఇంట్లో నాలుగు తరాలు నేల తవ్వి చచ్చాయి. నేల తవ్వి పైకొచ్చేది ఇదొక్కతే అనుకున్నాను. నా గర్వం అది.

ఇంకోటి కూడా రాయాలి. నా పెళ్లైన రెండో ఏట మాచర్ల వైపు ఒక బావి పని ఒప్పుకున్నారు మా అత్తగారి వాళ్లు. మా అయ్య పోయాడని కబురొస్తే, నేను పోతే మట్టి మోసే చెయ్యి ఒకటి తగ్గుతుందని పదకొండు రోజులు నా దగ్గర దాచారు. నీళ్లు పడ్డాక చెప్పారు. ఆ బావి గట్టు మీద నిలబడి మా అత్తను నేను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. అదెట్టా ఉంటుందో తెలియక చేశానని ఎవరూ అనుకోవద్దు. తెలిసే చేశాను.

ఆ సాయంత్రమే ఊరికి తెచ్చి మట్టి చేశాం. ఆడవాళ్లు రాకూడదన్నా నేను వెళ్లి నిలబడ్డాను. గొయ్యి రెండడుగులు దిగేసరికి పలుగు కంగుమంది. కింద నాపరాయి. నాలుగు గజాలు జరిగి తవ్వారు. అక్కడా అంతే. మూడోచోట దిగింది. రాయి వాడిని బతికినన్నాళ్లూ తిన్నది చాలక చచ్చాకా చోటివ్వదే అనుకున్నాను. ఆ కంగు కంగుమనే మోత చానా రోజులు నా చెవిలోంచి పోలేదు.

కొడుకు ఫోను నా దగ్గర పెట్టుకున్నాను. కోడలు దాన్ని ముట్టుకోలేదు.

పిల్ల వాళ్లు ఉండేది ఒక చెక్క గుడిసెలో. అక్కడ సిగ్నల్ లేదు. వారానికి రెండుసార్లు సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద బసకు సామాను కోసం వచ్చినప్పుడు మెసేజీలు పెట్టేది. తండ్రి చెవిటివాడు కాబట్టి వాళ్లిద్దరికీ ఎప్పుడూ రాత మాటలే. అదే నాకు వీలైంది. వాడి రాత నాకు బాగా తెలుసు. పొడి మాటలు, ముద్దులూ మురిపాలూ ఉండవు.

'నాన్నా, ఇక్కడ పొద్దు కుంకట్లేదు. పడుకోవాలంటే కిటికీకి దుప్పటి కట్టుకుంటున్నాం. దగ్గు ఎలా ఉంది?' అని వచ్చింది. వాడు పోయి మూడో రోజు అది.

'తగ్గింది. పని చూసుకో.' అని రాశాను.

అది రాసింది చదువుతుంటే అక్కడి బతుకు కొంచెం కొంచెం తెలిసేది. చెట్టన్నది లేదు. కాలు పెడితే నీళ్లు కక్కే నాచు. ఎలుగుబంట్ల భయానికి తుపాకీ పట్టుకుని ఒకాయన వెంట ఉంటాడు, ఆయన లేకుండా గుడిసె దాటకూడదు. తెల్లపిట్టలు గూళ్ల దగ్గరికి పోతే నెత్తి మీద పొడుస్తాయట. ఒక చేత్తో నెత్తి మీద కర్ర పట్టుకుని ఇంకో చేత్తో కడ్డీ మోసుకుంటూ నడుస్తారట. నేల మీద వరసకు పది చొప్పున పది వరసల కొయ్యలు పాతి, ప్రతి కొయ్య దగ్గరా కడ్డీ గుచ్చాలి. వానలో, ఈదురుగాలిలో, వంగి వంగి. మధ్యాహ్నానికి వేళ్లు ఉన్నాయో లేవో తెలియదట. కూలిపనే అది. పేరు మాత్రం చదువు.

శ్రావణమాసం మొదటి మంగళవారం పొద్దున లేచి చూస్తే పెద్ద మెసేజీ ఉంది.

'నాన్నా, కడ్డీ కొన్నిచోట్ల ముందే ఆగిపోతోంది. కింద ఉన్నది రాయో, గడ్డకట్టిన నేలో తెలియట్లేదు. రాయి మీద ఆగిన లోతును మంచు లోతుగా రాస్తే లెక్కంతా అబద్ధం అవుతుంది. రెండు వరసలు అలాగే రాసేశానేమోనని భయంగా ఉంది. నేను వచ్చే ముందు నువ్వు చెప్పినట్టు అరచేతితో చూస్తున్నా. చేతులు మొద్దుబారి ఏమీ తెలియట్లేదు. ఏం చెయ్యాలి? తొందరగా చెప్పు.'

నేను కాఫీ కూడా తాగలేదు. గడప మీద కూర్చుని రాశాను. 'చెయ్యి తెలియకపోతే చెవి పెట్టు. కడ్డీని కొంచెం ఎత్తి వదిలి చప్పుడు విను. రాయైతే కంగుమంటుంది. గట్టినేలైతే దబ్బుమని ఊరుకుంటుంది. అనుమానం వస్తే ఒక జాన పక్కకు జరిగి గుచ్చు. రాయైతే పక్కన దిగుతుంది. నేలైతే అక్కడా ఆగుతుంది.'

అంతకు ముందు రాసినవన్నీ వాడైతే ఏం రాస్తాడా అని ఆలోచించి రాసినవి. ఇది అట్లా రాయలేదు. పని గురించి అడిగితే పని గురించి చెప్పాను. బావిలో నా చెవి నాకు నేర్పింది అదే.

శుక్రవారం జవాబు వచ్చింది. 'సరే నాన్నా. విన్నాను. తేడా తెలుస్తోంది. రెండు వరసలూ మళ్లీ కొలుస్తున్నాం.'

కోడలికి చదివి వినిపించాను. "చూశావా? చెప్పి ఉంటే ఇవాళ ఆ పని జరిగేదా?" అన్నాను. ఆమె బియ్యం ఏరుతోంది.

ఆ తర్వాత వచ్చిన మెసేజీల్లో దగ్గు మాట లేదు. తిన్నావా అని కూడా లేదు. పనిలో పడిందిలే అని సంతోషపడ్డాను. ఒకసారి ఇట్లా రాసింది: 'నాన్నా, ఈ నేల ఏదీ లోపల ఉంచుకోదు. చలికాలం గడ్డకట్టినప్పుడల్లా కింది రాళ్లను పైకి తోస్తుంది. మేం పాతిన కొయ్యలు కూడా పైకి లేచాయి.' నేను 'మళ్లీ గట్టిగా పాతండి' అని రాశాను.

వినాయక చవితికి నాలుగు రోజుల ముందు పిల్ల వచ్చింది. నరసరావుపేట నుంచి కారంపూడి బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఆటో దిగింది. నేను చెప్పాల్సిన మాటలు రెండు రోజులుగా కూడబలుక్కుని ఉన్నాను. గుమ్మంలో వాళ్లమ్మ బొట్టు లేకుండా నిలబడి ఉంది. పిల్ల చూసింది. ఉలిక్కిపడలేదు. సంచి కింద పెట్టి, కాళ్లు కడుక్కుని, వాళ్లమ్మను పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. నన్ను పిలవలేదు.

నేనే దగ్గరికి పోయి "అమ్మాయ్," అన్నాను.

"నాకు తెలుసు నాయనమ్మా."

"ఎవరు చెప్పారే? బాబాయా?"

"నువ్వే చెప్పావు. ఆ మంగళవారం." చెంపలు తుడుచుకుంది. వేళ్ల చివర్లు నల్లగా పగిలి ఉన్నాయి. "బూట్లు విప్పుకునే గదిలో నిలబడి చదివా. చెవి పెట్టి విను అని ఉంది. నాన్న రాస్తాడా ఆ మాట? నాన్నకి చప్పుడెక్కడిది? చెయ్యి తెలియకపోతే నాన్న పలుగు మీద గడ్డం ఆనిస్తాడు. అదొస్తుందని చూస్తున్నా నేను. గడ్డం ఆనించు అని వస్తే నవ్వుకుందామనుకున్నా. బావిలో చెవి పెట్టేది నువ్వే, నాన్న బతికుంటే తన ఫోను నీ చేతికి ఇవ్వడు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. బావి అడుగున వాడు పలుగు నిలబెట్టి, దాని కొస మీద గడ్డం పెట్టి, ఎముకకు తగిలే అదురుతో రాయో మట్టో తెలుసుకుంటూ, కళ్లు మూసుకుని నిలబడేవాడు. కూలీలు నవ్వేవాళ్లు. నేను కన్న కొడుకు. కళ్లారా చూశాను. రాసేటప్పుడు మాత్రం తట్టలేదు.

"మరి అప్పుడే ఎందుకు అడగలా?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావు. చెప్పాక నేను కడ్డీ పట్టుకోలేను. ఓడ వచ్చేది ఇరవై రోజులకి. ఆ ఇరవై రోజులు ఏం చెయ్యను అక్కడ? కొలుస్తూ ఏడ్చేదాన్ని. గాలికి కళ్లలో నీళ్లొస్తున్నాయనుకుని తుపాకీ ఆయన తన కళ్లద్దాలిచ్చాడు. ఎవరికీ చెప్పలా. చెబితే నువ్వు రాసిన అబద్ధం అందరికీ తెలుస్తుంది. నాన్న ఫోనుకి 'సరే నాన్నా' అని రాస్తూ ఉన్నా. చచ్చిపోయిన మనిషికి."

"ఆ రెండు వరసలు?" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

"సరిపోయినై," అంది. "నువ్వు చెప్పింది కరెక్టే. అందుకే ఇంకా మండుతోంది నాకు."

కోడలు లేచి లోపలికి పోయింది.

"నీ చదువు పాడవుతుందనే తల్లీ," అన్నాను.

"నాన్నతో మాట్లాడటానికి అక్షరాలు నేర్పించా నీకు. వేళ్ల మీద కొట్టి నేర్పించా. వాటితో నువ్వు చేసింది ఇదీ."



మర్నాడు పొద్దున సమాధి దగ్గరికి ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి, తన సంచిలోంచి వానకు తడవని కాగితాల నోటుబుక్కు ఒకటి తీసి నా ముందు పెట్టింది.

"మాకు అక్కడ ప్రతి పేజీకి ఒక పద్ధతి ఉంది," అంది. "పైన రోజు, గంట. మధ్యలో జరిగింది రాయాలి, మనం అనుకున్నది కాదు. కింద ఆ రోజు అక్కడున్న వాళ్లందరూ. ఒక్కరిని వదిలినా ఆ పేజీ చెల్లదు. నాన్న పోయిన రోజు అట్టా రాసి పంపు నాకు."

"నోటితో చెప్తానుగదే, కూర్చో."

"వద్దు. నోటితో అయితే నువ్వు సర్దుకుంటావు. రాయి. ఆ రోజు నేను లేను. ఉన్నవాళ్లెవరో, ఊరుకున్నవాళ్లెవరో నాకు తెలియాలి."

అది మళ్లీ యూనివర్సిటీకి వెళ్లిపోయింది. ఆ కొలతలు పైవాళ్లు ఒప్పుకున్నారని, వచ్చే ఎండాకాలానికి మళ్లీ పంపుతున్నారని వాళ్లమ్మతో చెప్పిందట. నాతో ఫోనులో రెండు మాటలే. బాగున్నావా, బాగున్నా. దాని తర్వాత ఫోను వాళ్లమ్మకు ఇవ్వమంటుంది.

రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రెండుసార్లు రాసి చించాను. మొదటిసారి నన్ను నేను మంచిదాన్ని చేసుకున్నాను. రెండోసారి మరీ చెడ్డదాన్ని చేసుకున్నాను, అది కూడా సర్దుకోవడమేనని కోడలు అంది. ఇది మూడోది. దానికి పంపిన కాగితంలో పేర్లున్నాయి. ఇది చదివే మిగతావాళ్లకు వరసలు చాలు.

ఆ ఆదివారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు.

నేను, వాడి తల్లిని, మంచానికి ఎడమ పక్క.

వాడి భార్య, కాళ్ల దగ్గర. చెప్పాలన్నది ఈమె.

కంప్రెషర్ ట్రాక్టరు ఆయన, తలుపు దగ్గర. చెప్పాలన్నాడు, తర్వాత ఊరుకున్నాడు.

నా మరిది. టీకి కిందకు దిగి, వాడు పోయాక వచ్చాడు. చెప్పొద్దన్నవాళ్లలో ఉన్నాడు కాబట్టి రాస్తున్నాను.

గులాబిరంగు రవికె వేసుకున్న నర్సమ్మ ఒకామె. వాడి చెయ్యి పట్టుకుని గడియారం చూసింది.

పక్కమంచం ఆయన భార్య. ఏ ఊరో అడగలేదు.

పక్కమంచం ఆయన. మొహం గోడకు తిప్పుకుని ఉన్నాడు, నిద్రపోలేదు.